పాత పెళ్లి రిజిస్ట్రేషన్ ఎంట్రీ: నంబరు లేకుండా ఏ ఆఫీసులో, ఏ ఏడాదిలో వెతకాలి?

అలల_ఒడ్డు

అమ్మానాన్నల పెళ్లి 1986 మేలో నరసరావుపేటలో. తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించారు. సర్టిఫికెట్ ఇప్పుడు కనపడటం లేదు, నంబరు ఎక్కడా రాసిపెట్టుకోలేదు. అప్పటికి అమ్మ వాళ్లది చీరాల, నాన్న ఉద్యోగం హైదరాబాదులో. ఏ ఊళ్లో చేయించారో ఇద్దరికీ కచ్చితంగా గుర్తు లేదు. "పెళ్లయ్యాక కొన్నాళ్లకు" అని మాత్రం అంటున్నారు. నాన్న గ్రీన్ కార్డు పిటిషన్‌కి ఇది కావాలి.

ఆన్‌లైన్‌లో పేరు కొట్టి వెతకొచ్చా? వాళ్లు రాకుండా నేను అడిగితే ఇస్తారా? ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.

సున్నితపుత్రాసు

ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచి ఆన్‌లైన్‌లో ఉందిగా. రిజిస్ట్రేషన్ శాఖ సైటులోనే పెళ్లిళ్లవీ ఉంటాయి, పేరు కొట్టి చూడండి.

పాత_వాల్యూము

పై సమాధానం నమ్ముకుని సైటు ముందు కూర్చుంటే రోజులు పోతాయండీ. 1983 నుంచి కంప్యూటర్లో ఉన్నది ఆస్తి దస్తావేజుల ఈసీ. హిందూ వివాహ రిజిస్టర్ వేరే పుస్తకం, దానికీ ఈసీకీ సంబంధం లేదు. 1986 నాటి ఎంట్రీ అంటే చేత్తో రాసిన పేజీ, ఒకానొక ఆఫీసు రికార్డు రూములో బీరువాలో ఉన్న పేజీ అనుకునే బయల్దేరండి. మొత్తం దేశానికో, రాష్ట్రానికో కలిపి పేరుతో వెతికే సూచిక లేదు. ముందు ఆఫీసు తేలాలి, తర్వాత ఏడాది తేలాలి, పేరు ఆఖర్న.

ఆఫీసు: పెళ్లి జరిగిన చోటైనా, వధూవరుల్లో ఒకరు నివాసం ఉన్న చోటైనా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కాబట్టి మీకు మూడు అనుమానాలు: నరసరావుపేట, చీరాల, హైదరాబాదులో నాన్నగారు అప్పుడు అద్దెకున్న పేట ఏ ఆఫీసు కిందికొస్తే అది. నేనైతే నరసరావుపేటతో మొదలుపెడతాను. పెళ్లి పత్రిక, ఫొటోలు, సాక్షులు అన్నీ ఆ ఊళ్లోనే ఉంటాయి కాబట్టి చాలామంది అక్కడే కానిచ్చేవాళ్లు. కానీ పాస్‌పోర్టు కోసమో, ఆఫీసులో ఇవ్వడానికో తర్వాత అవసరపడి చేయించి ఉంటే హైదరాబాదు వైపే మొగ్గు ఎక్కువ. అందుకని అమ్మగారిని "ఎక్కడ చేయించారు?" అని కాదు, "దేనికోసం చేయించారు?" అని అడగండి. ఊరు మర్చిపోయినవాళ్లకు కూడా అవసరం గుర్తుంటుంది.

జిల్లాలు మారిన సంగతి మర్చిపోకండి. 1986లో నరసరావుపేట గుంటూరు జిల్లా, చీరాల ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి మొదటిది పల్నాడు, రెండోది బాపట్ల. హైదరాబాదైతే 2014 జూన్ 2 నుంచి వేరే రాష్ట్రం, వేరే శాఖ. సర్టిఫికెట్ మీద గుంటూరు జిల్లా అని ఉందని గుంటూరు వెళ్లి అడిగి ఖాళీ చేతుల్తో తిరిగొచ్చేవాళ్లు చాలామంది. పైగా రిజిస్ట్రేషన్ జిల్లా, రెవెన్యూ జిల్లా ఒకటే కానవసరం లేదు.

ఇంకో చిక్కు, ఒక పెద్ద ఆఫీసును విడగొట్టి కొత్త సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులు పెట్టడం. పాత వాల్యూములు మాతృ ఆఫీసులోనే ఉండిపోవచ్చు, కొత్తదానికి పోవచ్చు. ఫలానా పేట ఆ ఏడాది ఏ ఆఫీసు పరిధిలో ఉండేదో తెలియాలంటే ఒక చిట్కా: అదే పేటలో అదే ఏడాది రిజిస్టరైన ఏదైనా స్థలం దస్తావేజు సంపాదించండి, పక్కింటివాళ్లదైనా సరే. దాని వెనక ముద్రలో ఆఫీసు పేరు కనపడుతుంది. ఇప్పటి పరిధి జాబితాల కన్నా ఇది నమ్మకం.

ఏడాది: ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. రిజిస్టరులో ఎంట్రీలు పెళ్లి తేదీ వరసలో ఉండవు, రిజిస్టరైన తేదీ వరసలో ఉంటాయి. 1986 మే ముహూర్తం 1989 వాల్యూములో కూర్చుని ఉండొచ్చు. దరఖాస్తులో "1986 మే" అని మాత్రం రాస్తే ఆ నెల పేజీలు తిప్పి "లేదు" అనేస్తారు, వాళ్ల తప్పూ కాదు. "పెళ్లి తేదీ 1986 మే ఫలానా, రిజిస్టరైన కాలం 1986 మే నుంచి 1990 డిసెంబరు మధ్య, ఆ వాల్యూములు అన్నీ వెతకగలరు" అని రాయండి. వెతుకుడు ఫీజు ఏళ్లను బట్టి పెరిగినా పరవాలేదు, రెండోసారి తిరిగే ఖర్చు కన్నా తక్కువే. అప్పట్లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అవసరమున్నవాళ్లే చేయించుకునేవాళ్లు, అందువల్ల చిన్న ఊళ్ల ఆఫీసుల్లో ఏడాది మొత్తం పేజీ పేజీ తిప్పినా పెద్ద పని కాదు. నగరంలో మాత్రం ఏడాదికి వాల్యూములు ఎక్కువ, నెల తేల్చుకుని వెళ్లాలి.

మీరు అడగొచ్చా అంటే, అడగొచ్చు. హిందూ వివాహ చట్టం 1955, సెక్షన్ 8(4): రిజిస్టర్ సహేతుకమైన వేళల్లో తనిఖీకి తెరిచి ఉండాలి, దరఖాస్తు చేసి నిర్ణీత ఫీజు కడితే రిజిస్ట్రార్ ధ్రువీకరించిన నకలు ఇవ్వాలి. దంపతులకే ఇవ్వాలని అందులో లేదు. అయినా కౌంటర్లో "పార్టీ రావాలి" అంటారు. దానికి వాదన కన్నా అమ్మానాన్నల సంతకాలతో ఒక అధికార పత్రం, వాళ్ల ఆధార్ నకళ్లు, మీ గుర్తింపు కార్డు, మీ పుట్టిన తేదీ సర్టిఫికెట్ (తల్లిదండ్రుల పేర్లు అందులో ఉంటాయి) పట్టుకెళ్లడం మేలు. అయినా కాదంటే దరఖాస్తు మీదే కారణం రాసివ్వమనండి. చాలాచోట్ల అక్కడితో పని మొదలవుతుంది.

ముత్యాల_చేతిరాత

వాల్యూము గారు ఆఫీసు సంగతి చెప్పారు. వెళ్లే ముందు ఇంట్లో గాలించాల్సినవి నేను చెప్తాను, నంబరు దొరికితే వారాల పని గంటలో అయిపోతుంది.

ఒరిజినల్ పోయినా జిరాక్సు ఎక్కడో ఉంటుంది. నాన్నగారిది ప్రభుత్వోద్యోగమైతే సర్వీసు రిజిస్టర్‌తో ఉన్న కుటుంబ వివరాల ఫైలు, కంపెనీ అయితే పీఎఫ్ నామినేషన్, ఎల్‌ఐసీ పాలసీ కవరు, అమ్మగారి పాత పాస్‌పోర్టు ఫైలు, ఇంటిపేరు మార్చుకుంటూ బ్యాంకుకు ఇచ్చిన కాగితాలు. జిరాక్సు దొరికితే మూడు చోట్ల చూడండి: పైన నంబరు (47/1987 లాగా ఉంటుంది, గీత తర్వాతది రిజిస్టరైన ఏడాది), కింద సంతకం పక్కన తేదీ, గుండ్రటి ముద్ర అంచున ఆఫీసు పేరు. ఊదా రంగు ముద్ర జిరాక్సులో తేలిపోతుంది. ఫోనులో ఫొటో తీసి కాంట్రాస్ట్ పెంచితే అంచు అక్షరాలు సగమైనా బయటపడతాయి. సగం చాలు, "...పేట" అని కనపడినా మీ మూడు అనుమానాల్లో ఒకటి తేలిపోతుంది. చేతిరాతలో 1, 7 కలిసిపోతాయి. 41 దొరక్కపోతే 47 కూడా చూడమనండి.

పేర్ల సంగతి. ఇంగ్లిషులో రాసిన ఎంట్రీ అయితే "లక్ష్మి"ని ఎక్స్‌తో రాసిన గుమాస్తా ఉంటాడు, కె, ఎస్, హెచ్ పెట్టి రాసిన గుమాస్తా ఉంటాడు. "సత్యనారాయణ"లో టి తర్వాత హెచ్ ఉండొచ్చు, లేకపోవచ్చు. "వెంకట" ఒకచోట పూర్తిగా ఉంటుంది, ఒకచోట వి అనే పొడి అక్షరం అయిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం: పెళ్లికూతురి ఎంట్రీ పుట్టింటి ఇంటిపేరుతో ఉంటుంది, అమ్మగారి ఇప్పటి ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంటుంది. దరఖాస్తులో రెండూ రాయండి, ఇద్దరి తండ్రుల పేర్లూ రాయండి. పేరు అటూ ఇటూ అయినా తండ్రి పేరు, ఊరు, వయసు కలిసి మనిషిని పట్టిస్తాయి.

ఎంట్రీ దొరికాక నకలు తీసుకునే ముందు కౌంటర్ దగ్గరే చదువుకోండి. నకలు ఎక్కించేటప్పుడు పెళ్లి తేదీ బదులు రిజిస్టరైన తేదీ పడటం, తండ్రి పేరులో అక్షరం పోవడం మామూలే. అక్కడికక్కడ రిజిస్టరుతో సరిచూసి దిద్దించుకుంటే పది నిమిషాలు. ఇంటికొచ్చాక కనిపెడితే మళ్లీ మొదటికి. అసలు రిజిస్టరులోనే తప్పుంటే మాత్రం నకలులో దిద్దరు, దిద్దకూడదు కూడా. దానికి సవరణ దరఖాస్తు వేరు.

డాలర్_దారి

పిటిషన్ వైపు నుంచి ఒక మాట. మీరు అమెరికా పౌరులై, 21 నిండి, ఐ-130 (దగ్గరి బంధువుల గ్రీన్ కార్డు కోసం వేసే పిటిషన్ ఫారం) వేస్తుంటే అమ్మకూ నాన్నకూ వేర్వేరు పిటిషన్లు. అమ్మ పిటిషన్‌కి మీ పేరు, ఆవిడ పేరు ఉన్న మీ బర్త్ సర్టిఫికెట్ చాలు. తల్లిదండ్రుల పెళ్లి సర్టిఫికెట్ అడిగేది నాన్న పిటిషన్‌కి. కాబట్టి అమ్మది దీనికోసం ఆపకండి.

ఎంట్రీ దొరక్కపోతే వరస ఇదీ: ముందు "రికార్డు లేదు" అని సంబంధిత ఆఫీసు ఇచ్చిన లేఖ. దాని మీద ద్వితీయ ఆధారాలు: అప్పటి శుభలేఖ, ఫొటోలు, గుడి రసీదు, సర్వీసు రిజిస్టర్ పేజీ. అవీ చాలకపోతే పెళ్లి స్వయంగా చూసిన, ఈ పిటిషన్‌లో పార్టీలు కాని ఇద్దరి అఫిడవిట్లు. లేఖ లేకుండా ఎకాఎకి అఫిడవిట్లు పెడితే ఆధారాలు చాలలేదని నోటీసు వస్తుంది. "లేదు" అనే లేఖలో ఏ ఆఫీసు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ పేర్లతో వెతికారో ఉండాలి. ఉత్త "రికార్డు అందుబాటులో లేదు" అనే ఒక్క వాక్యం పనికిరాదు.

గుమ్మడి_తీగ

మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. ఒక సంబంధం చూస్తున్నాం. అబ్బాయికి ఇంతకుముందు పెళ్లయిందేమో ఈ రికార్డుల్లో చూసి తెలుసుకోవచ్చా?

వకాల్తా

గుమ్మడి తీగ గారూ, "అవును" అని తేలే అవకాశం ఉంది, "లేదు" అని తేలే అవకాశం లేదు. కారణం చట్టంలోనే ఉంది. హిందూ వివాహ చట్టం సెక్షన్ 8(5) ప్రకారం రిజిస్టర్ చేయకపోయినంత మాత్రాన హిందూ వివాహం చెల్లకుండా పోదు. గుళ్లో తాళి కట్టి ఎక్కడా నమోదు చేయని పెళ్లి చెల్లుతుంది, ఏ రిజిస్టరులోనూ కనపడదు. 2006 ఫిబ్రవరిలో అన్ని పెళ్లిళ్లూ నమోదు చేయాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అంతకుముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో నిర్బంధ నమోదు చట్టం చేసింది. అయినా నమోదు కాని పెళ్లిళ్లు ఈనాటికీ ఉన్నాయి.

చూడదగ్గవి చెప్తాను. ఒకటి, ప్రత్యేక వివాహ చట్టం 1954 కింద ఇచ్చే నోటీసు. సెక్షన్ 6 ప్రకారం మ్యారేజ్ నోటీస్ బుక్ ఎవరైనా, ఫీజు లేకుండా, సహేతుకమైన వేళల్లో చూడొచ్చు. నోటీసును ఆఫీసులో అందరికీ కనపడేచోట అంటిస్తారు, అభ్యంతరానికి 30 రోజులు. సెక్షన్ 47 ప్రకారం పూర్తయిన పెళ్లిళ్ల సర్టిఫికెట్ పుస్తకం కూడా తనిఖీకి తెరిచి ఉంటుంది, ఫీజు కట్టి నకలు తీసుకోవచ్చు. జాగ్రత్త: నోటీసు ఉన్నంత మాత్రాన పెళ్లయినట్టు కాదు. మూడు నెలల్లో పెళ్లి జరక్కపోతే ఆ నోటీసు చెల్లదు. నోటీసు చూసి ఇంకొకరి పరువు తీసేవాళ్లున్నారు, అందుకే చెప్పడం.

రెండు, అబ్బాయి ఉన్న ఊరి హిందూ వివాహ రిజిస్టర్, పైన చెప్పిన పద్ధతిలోనే.

మూడు, ఈ-కోర్ట్స్ సైటులో పార్టీ పేరుతో వెతకడం. జిల్లా, కోర్టు ప్రాంగణం, ఏడాది ఇవ్వాలి, పెండింగ్‌వీ తీర్పయినవీ రెండూ చూడాలి. కానీ కుటుంబ కేసుల్లో చాలాచోట్ల పేర్లు దాస్తారు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 22 ప్రకారం ఆ విచారణలు ఆంతరంగికం, వాటిని ప్రచురించకూడదు. ఏమీ కనపడలేదని నిశ్చింత పడొద్దు.

సమాచార హక్కు దరఖాస్తుతో ఫలానావాడి పెళ్లి వివరాలు ఇమ్మంటే వ్యక్తిగత సమాచారమని ఆ చట్టం సెక్షన్ 8(1)(జె) చూపించి తిప్పి పంపుతారు. దాన్ని వేరే పనికి వాడండి, ఇది అలల ఒడ్డు గారికి కూడా పనికొస్తుంది: "ఫలానా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు 1986–1990 హిందూ వివాహ రిజిస్టర్లు ప్రస్తుతం ఏ ఆఫీసు అధీనంలో ఉన్నాయి? ఎన్ని వాల్యూములు? ఏవైనా పాడైనట్టు నమోదయిందా?" ఇందులో ఎవరి వ్యక్తిగత వివరమూ లేదు. ఫీజు 10 రూపాయలకు మించదు, గడువు 30 రోజులు. మూడు ఆఫీసులకూ ఒకేసారి మూడు దరఖాస్తులు పంపితే తిరగకుండానే వాల్యూములున్న చోటు తెలుస్తుంది.

గంట_స్తంభం

హిందూ వివాహ రిజిస్టర్ గురించే మాట్లాడుకుంటున్నాం, చదివేవాళ్లలో మిగతావాళ్లూ ఉంటారు కదా.

క్రైస్తవ వివాహాలకు 1872 నాటి చట్టం. చర్చి రిజిస్టరు మొదటి చోటు. రిజిస్టరు ఎవరి అధీనంలో ఉంటే వాళ్లు ఫీజు తీసుకుని వెతకనివ్వాలని, నకలు ఇవ్వాలని సెక్షన్ 79 చెప్తుంది. పాస్టర్ బదిలీ అయినా రిజిస్టర్ చర్చితోనే ఉండాలి. ఉండదు కొన్నిసార్లు, అప్పుడు డయాసిస్ (బిషప్ పరిధి) ఆఫీసు. ఇంకా వెనక్కి, తాతముత్తాతల కాలానికి వెళ్తే మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల నుంచి లండన్ పంపిన నకళ్లు బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎన్/2 వరసలో ఉన్నాయి. అందులో ఎక్కువ యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్లే.

నిఖా అయితే ఖాజీ దగ్గరి సియాహా, అంటే నిఖా రిజిస్టరు. దంపతుల నిఖానామా పోయినా ఖాజీ దగ్గర ప్రతి ఉంటుంది. తెలంగాణలో వక్ఫ్ బోర్డు ఖజాత్ (ఖాజీల వ్యవహారాలు చూసే) విభాగం దాని ఆధారంగా మ్యారేజ్ సర్టిఫికెట్ ఇస్తుంది. నిఖా చదివించిన ఖాజీ ఎవరో, తేదీ ఎంతో తెలియకుండా అక్కడికి వెళ్లి లాభం లేదు.

హిందూ వివాహ చట్టం అమల్లోకి వచ్చింది 1955 మే 18న. అమ్మమ్మ తాతయ్యల 1948 పెళ్లి ఎంట్రీ ఈ రిజిస్టరులో దొరకాలంటే వాళ్లు తర్వాత ఎప్పుడో చేయించి ఉండాలి.

అలల_ఒడ్డు

అందరికీ ధన్యవాదాలు. "దేనికోసం" అని అడిగితే అమ్మ వెంటనే చెప్పింది: నాన్న కంపెనీ క్వార్టర్ కోసమట, 1988లో. అంటే హైదరాబాదు మొదట చూడాలన్నమాట. ఒకవేళ ఎక్కడా దొరక్కపోతే ఇప్పుడు కొత్తగా చేయించుకుంటే సరిపోతుందా?

పాత_వాల్యూము

1988 అన్నారు కాబట్టి 1987–89 మూడేళ్లూ అడగండి, ఒక్క 1988 కాదు. క్వార్టర్ ఎప్పుడిచ్చారో నాన్నగారి అలాట్‌మెంట్ ఉత్తరం ఉంటే నెల కూడా తేలుతుంది, దానికి ముందు నెలల్లో చూస్తే చాలు.

దొరక్కపోతే కొత్తగా చేయించుకోవచ్చు. ఇద్దరూ బతికుండి, వచ్చి సంతకం పెట్టగలిగితే ఎన్నేళ్ల కిందటి పెళ్లినైనా రిజిస్టర్ చేస్తారు. శుభలేఖ, పెళ్లి ఫొటో, ఇద్దరి వయసు, చిరునామా ఆధారాలు, ముగ్గురు సాక్షులు. శుభలేఖ లేకపోతే అఫిడవిట్. వచ్చే సర్టిఫికెట్లో రెండు తేదీలుంటాయి: పెళ్లి 1986, నమోదు ఈ ఏడాది. ఏజెంట్లు కొందరు "పాతది ఎందుకు, ప్రత్యేక వివాహ చట్టం కింద మళ్లీ పెళ్లి చేసేద్దాం" అంటారు. ఒప్పుకోకండి. అప్పుడు పెళ్లి తేదీయే ఈ ఏడాదిది అయిపోయి, మీ పుట్టుక దానికి ముందు పడుతుంది. ఆ చట్టం కిందే కావాలంటే సెక్షన్ 15 ఉంది, జరిగిన పెళ్లిని నమోదు చేయడానికే.

కొత్తది చేయించే ముందు పాతది లేదని లేఖ తీసుకోండి. ఒకే పెళ్లికి రెండు ఎంట్రీలు, వాటిలో రెండు స్పెల్లింగులు ఉండటం తర్వాత పెద్ద తలనొప్పి.

వకాల్తా

దంపతుల్లో ఒకరు పోయినవాళ్లు ఇది చదువుతుంటే: కొత్తగా రిజిస్టర్ చేయించుకునే దారి దాదాపు మూసుకున్నట్టే. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984 సెక్షన్ 7 కింద వైవాహిక స్థితిపై డిక్లరేషన్ కోరుతూ పిటిషన్ వేయాలి. పెన్షన్, వారసత్వం లాంటి వాటికి మాత్రం ముందు తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం సరిపోతుందేమో అడిగి చూడండి, చాలాసార్లు అదే అడుగుతారు.

ముత్యాల_చేతిరాత

నకలు చేతికి రాగానే లామినేషన్ షాపుకు పరిగెత్తకండి. విదేశాంగ శాఖ అపోస్టిల్ (కాగితం విదేశాల్లో చెల్లడానికి ఇచ్చే ధ్రువీకరణ) స్టిక్కరు, ముద్ర కాగితం వెనక వేస్తారు, దానికి ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ ముద్ర కూడా పడాలి. ప్లాస్టిక్ మీద అవేవీ వేయరు, ఊడదీస్తే కాగితం చిరుగుతుంది. ఐ-130కి అపోస్టిల్ అడగరు, కానీ వేరే దేశంలో వేరే పనికి అక్కర పడొచ్చు. నకళ్లు రెండు తీసుకుని, రెండూ మామూలు ప్లాస్టిక్ కవర్లో ఉంచండి.